తూకాలాయన బండిలో ముందు సీటు

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన తూకాలాయనే. మార్కెట్ వెనక సందులో ఆయనకో ఇరుకు దుకాణం ఉంది. కిరాణా కొట్ల కాటాలు, కూరగాయల వాళ్ళ త్రాసులు, గోడౌన్లలో బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటాలు, అన్నీ జబ్బుచేసి అక్కడికే వస్తాయి. గోడ వారగా తూకపురాళ్ళు చిన్నా పెద్దా వరసగా కూర్చుని ఉంటాయి. వాటిని రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచిగాని ఆయన కాఫీ ముట్టడు.

ఇలాంటి పనిలో తలపండిన మనిషికి లోకంలో ఏదీ ఒక పక్కకి ఒరిగి కనబడకూడదు. ఎవరింటికైనా వెళితే ముందు గోడమీద ఫోటో సరిచేసి తర్వాత పలకరిస్తాడు. హోటల్లో బల్ల ఊగితే కాలికింద కాగితం మడిచి పెట్టేదాకా ఏం కావాలో చెప్పడు. సర్వరు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. చాదస్తం అంటే ఆయనకి కోపం వస్తుంది. వృత్తిధర్మం అనాలి.

అటువంటి మనిషి పోయి పోయి ఎడమపక్కకి లాగే బండిని కొన్నాడు.

అది ఒక పళ్ళ డాక్టరు వాడి వదిలేసిన ఎస్‌యూవీ. చూడ్డానికి నదురుగానే ఉండేది. ముందు రెండు సీట్లు, మధ్యలో విడివిడిగా కుర్చీల్లాంటివి రెండు, అన్నిటికీ వెనక మూడో వరస. ఆ మూడో వరసని కంపెనీ వాళ్ళు మనుషుల కోసమే పెట్టారో, కొన్నవాడు ఎన్ని సీట్లని అడిగితే గొప్పగా చెప్పుకోవడానికి పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. బండిలో లవంగ నూనె వాసన స్థిరనివాసం ఏర్పరచుకుంది. ఎక్కినవాళ్ళంతా తమకి తెలియకుండానే నాలుకతో పళ్ళు తడుముకునేవాళ్ళు. ముందు అద్దం కింద ఒక పసుపు దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. అదేమిటని అడిగితే, దానికదో అలవాటు అన్నాడు డాక్టరు. బండిని వెనక్కి నడిపితే లోపల్నుంచి ఓ ఆడగొంతు తెలియని భాషలో ఏదో చెప్పేది. తూకాలాయన తండ్రి ఆ గొంతుని చాలా మర్యాదగా వినేవాడు. "ఆ అమ్మాయి ఏదో చెబుతోందిరా, తొందరపడకు," అని కొడుకుని మందలించేవాడు కూడా.

బండి కొన్న రోజు తూకాలాయన భార్య దాని చుట్టూ ఓసారి తిరిగింది. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని కిటికీలకీ గుమ్మాలకీ కర్టెన్లు కుడుతుంది. ఊళ్ళో సగం కిటికీలు ఆవిడ చేతిమీదుగా గుడ్డ కట్టుకున్నవే. రోజంతా సూది మీదే చూపు పెట్టుకునే ఆవిడకి దూరంగా చూడ్డమంటే చెప్పలేనంత ఇష్టం. బండి రంగు అడగలేదు, మైలేజీ అడగలేదు. ముందు అద్దంలోంచి ఎదరకి చూసి ఒక్క మాటే అడిగింది.

"నేను ముందు కూర్చుంటానండీ."

"నువ్వు కాక ఇంకెవరు కూర్చుంటారు?" అన్నాడు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో అనుమానం అక్కర్లేదు.

మొదటి ప్రయాణం ఆవిడ అక్కగారి ఊరికే. కొండ మీద ఊరు, మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. ఆవిడ తయారై వచ్చేసరికి మామగారు వసారాలోంచి లేచి, కండువా సర్దుకుని, నిదానంగా నడిచి వచ్చారు. తూకాలాయన ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆయన ఎక్కి కూర్చున్నారు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు, ఏమంటారు? పక్క వీధిలో ఉండే తూకాలాయన అక్కా బావా కూడా వచ్చి మధ్య కుర్చీల్లో చతికిలబడ్డారు. ఆవిడ వంగి, ఇద్దరి మధ్యలోంచి దూరి, మూడో వరసకి చేరింది.

పోనీ ఆ ఒక్కసారికే అనుకుందాం. కానీ ఆ ప్రయాణంలోనే బండి బుద్ధి బయటపడింది. స్టీరింగు కాస్త వదిలితే చాలు, ఎడమకి లాగుతుంది.

మెకానిక్కు చక్రాల అలైన్‌మెంట్ చేయించమన్నాడు. తూకాలాయన నవ్వాడు. "పుట్టినప్పట్నుంచీ తూకాల్లో బతుకుతున్నవాణ్ణి. ఒక పక్కకి ఒరిగిందంటే బరువు అటు ఎక్కువైందని అర్థం. దీనికి అలైన్‌మెంటెందుకు?" అన్నాడు. మెకానిక్కు వాదించలేదు. బండి ఎలాగూ మళ్ళీ తన దగ్గరికే వస్తుందని అతని ధీమా.

ఆ తర్వాత జరిగింది వీధి వీధంతా చూసింది. ఎక్కడికి బయల్దేరినా తూకాలాయన గేటు దగ్గర ప్లాట్‌ఫారం కాటా పెట్టేవాడు. ఎక్కబోయే వాళ్ళంతా ముందు దాని మీద ఎక్కాలి. తండ్రి ఛాతీ విరుచుకుని ఎక్కేవాడు. బావ నవ్వుతూ ఎక్కేవాడు, ఆయన దెబ్బకి కాటా మూలిగేది. అక్క మాత్రం చచ్చినా ఎక్కనంది.

"కంటిచూపుతో చెప్పేస్తాలే అక్కా," అన్నాడు తూకాలాయన, చెప్పేశాడు కూడా. అక్క మొహం మాడ్చుకుని ఆ ప్రయాణమంతా ఆయనతో మాట్లాడలేదు. చెప్పిన అంకె సరైనదే కావడం వల్ల కోపం ఇంకా ఎక్కువైంది.

అందరి లెక్కా తేలాక సీట్లు ఖాయం అయ్యాయి. బక్కపలచటి తండ్రి ముందు, ఎడమవైపు. భారీ బావ డ్రైవరు వెనక. అక్క ఆయన పక్కన. అందరిలోకీ తేలికైన భార్య మూడో వరసలో, ఎడమ చివర. అయినా ఎడమవైపు బరువు మిగిలిపోయిందని ఆవిడ పక్కన కుడివైపు సీట్లో పెద్ద ఇనుప తూకపురాళ్ళు పెట్టి, బెల్టు కూడా కట్టాడు. వాటికి బెల్టు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసేవాడు. పక్కన మనిషికి పడిందో లేదో చూసినట్టు ఎవరూ చెప్పుకోలేదు.

బండి ఎడమకే లాగుతూ వచ్చింది. ఆయన రాళ్ళు మారుస్తూ వచ్చాడు. ఆవిడ చోటు మాత్రం మారలేదు.

ప్రయాణంలో ఆవిడ నోరు మెదిపేది కాదు. ఇంట్లో మిషను చప్పుడుకి పోటీగా మాట్లాడే మనిషి, బండి ఎక్కిందంటే కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చేసేది. "మా ఆవిడ ప్రయాణాల్లో బంగారం. వెనక హాయిగా పడుకుంటుంది, మనిషి ఉన్నట్టే తెలీదు," అని తూకాలాయన దుకాణానికి వచ్చిన వాళ్ళకి చెప్పుకునేవాడు. భార్య గురించి పదిమందిలో మంచి మాట చెప్పానని ఆయనకి తృప్తి.

ఇలా ఉండగా ఆవిడకి ఒక పెద్ద ఆఫీసు కర్టెన్ల పని వచ్చింది. గుడ్డ కొనడానికి బజారుకి వెళ్ళాలి. తండ్రి కునుకు తీస్తున్నాడు, అక్కా బావా ఊళ్ళో లేరు. ఇద్దరే వెళ్ళాలి. ఆవిడ మంచి చీర కట్టుకుంది. బజారుకి కట్టే చీర కాదది. చేతిసంచీ పట్టుకుని గుమ్మం దిగి, నేరుగా ముందు తలుపు దగ్గరికి వెళ్ళి తీసింది.

ముందు సీట్లో కాటా కూర్చుని ఉంది. బంగారు కొట్టుకి అప్పగించాల్సిన సున్నితమైన కాటా. చుట్టూ దిండ్లు, మీద దుప్పటి, బెల్టు.

"ఈ ఒక్కసారికి వెనక కూర్చో. అది కదిలిందంటే తూకం దెబ్బతింటుంది," అన్నాడు తూకాలాయన స్టీరింగు ముందు కూర్చుని.

ఆవిడ కాటా వంక చూసింది. మొగుడి వంక చూసింది. దుప్పటి అంచు జారితే సర్ది, తలుపు నెమ్మదిగా వేసింది.

"జాగ్రత్తగా తీసుకెళ్ళండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన కాటా అప్పగించి వచ్చేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ బస్సెక్కి కొండ మీద తన అక్కగారింటికి వెళ్ళిందని తండ్రి చెప్పాడు. తూకాలాయన ఫోను చేశాడు.

"ఎప్పుడొస్తావు?"

"బస్సులో డ్రైవరు వెనకే కిటికీ సీటు దొరికిందండీ. దారంతా కనిపించింది. ఎంత బాగుందో."

"అది సరే, ఎప్పుడొస్తావు?"

"ఆ బండిలో వెనక కూర్చుని మాత్రం రాను. మాటిచ్చిన సీటు ఇస్తే వస్తాను. లేకపోతే మా అక్కకి నేను బరువేం కాదు," అని పెట్టేసింది.

తూకాలాయన మొదట పట్టించుకోనట్టు నటించాడు. నాలుగు రోజుల్లో ఆవిడే వస్తుందన్నాడు. అన్నం తనే వండాడు. ఒకరోజు మాడింది, ఒకరోజు ఉడకలేదు. తండ్రి రెండూ మాట్లాడకుండా తిన్నాడు, అది ఇంకా కష్టంగా అనిపించింది. సాయంత్రం దుకాణం నుంచి వస్తే వీధి మలుపు దగ్గరికే వినబడే మిషను చప్పుడు వినబడేది కాదు. ఆయనకి ఇంట్లోకి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. గేటు బయట బండిలో కాసేపు కూర్చునేవాడు. ఖాళీగా ఉన్న పక్క సీటు వంక చూసేవాడు. ఒక్క సీటు అడిగింది మనిషి, ఒక్క సీటు. అదీ ఇవ్వలేకపోయానని బాధ కలిగేది. అంతలోనే, అసలు తప్పు బండిది అనుకునేవాడు.

పెద్ద కాటాలు ఎత్తాలంటే రెండో కొస ఎప్పుడూ ఆవిడే పట్టుకునేది. ఆవిడ లేకుండా ఒక్కడే ఎత్తబోయాడు. కుడి మణికట్టు బెణికింది. ఎముకల డాక్టరు చెయ్యి కట్టి మెడకి వేలాడదీసి, బండి నడపొద్దన్నాడు.

దాంతో పంతం కాస్త తగ్గింది. వెళ్ళి తీసుకొద్దామన్నాడు. బావ నడుపుతానన్నాడు. తండ్రి కోడల్ని చూడాలన్నాడు. అక్క మరదలికి నాలుగు మాటలు చెప్పాలంది. బండి ఎలాగూ వెళ్తోంది కదా అని బావ తల్లి కూడా, కొండ మీద తన తమ్ముడింట్లో కొన్నాళ్ళుంటానని మూట కట్టుకుని వచ్చేసింది. పెద్ద బండి ఉన్నవాడికి ఒంటరి ప్రయాణం రాసిపెట్టి ఉండదు.

గేటు దగ్గర తండ్రి అలవాటు ప్రకారం ముందు కూర్చున్నాడు. అక్కా, ఆవిడ అత్తగారూ మధ్య కుర్చీలు ఆక్రమించారు. తూకాలాయన కట్టు కట్టిన చేత్తో నిలబడ్డాడు.

"ఏమోయ్, నేను స్టీరింగు దగ్గరికి వచ్చానంటే కుడివైపు బరువు చాలు. పైగా మా అమ్మ కుడి కుర్చీలోనే కూర్చుంది, ఇంక ఎడంపక్కకే బరువివ్వాలి. నీ లెక్క ప్రకారం నీ చోటు వెనక, ఎడమ చివర," అన్నాడు బావ. వెక్కిరింపు కాదు, నిజంగానే లెక్క వేసి చెప్పాడు. "నువ్వు పెట్టిన పద్ధతి నువ్వే తప్పితే ఎలా?"

తూకాలాయన లెక్క మనసులో ఒకసారి సరిచూసుకున్నాడు. తప్పు దొరకలేదు. వంగి, దూరి, వెనక్కి వెళ్ళాడు.

ఆ బండి కొన్నాక ఆయన మూడో వరసలో కూర్చోవడం అదే మొదలు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తల పైకప్పుకి తగిలింది. పక్కన కిటికీ అద్దం ఉంది గాని అది తెరుచుకునే రకం కాదు. పైన ఏసీ రంధ్రం గుర్రుమంటోందే గాని దాన్నుంచి చల్లటి గాలి చుక్క రావడం లేదు. ముందుకి చూస్తే కనిపించేవి రెండు కుర్చీల వెనకభాగాలు, అక్క కొప్పు. వెనకద్దంలోంచి చూస్తే రోడ్డు తన నుంచి పారిపోతోంది. పక్కన తూకపురాళ్ళు మాత్రం బెల్టు కట్టుకుని దర్జాగా ఉన్నాయి.

కొండ మొదలైంది. మొదటి మలుపుకి ఆయన ఒరిగాడు. రెండో మలుపుకి లవంగ నూనె వాసన గొంతులోకి దిగింది. మూడోదానికి కడుపులో తిప్పడం మొదలైంది. బావా, కాస్త ఆపు అందామని నోరు తెరవబోయి, తెరిస్తే ఏమవుతుందో అర్థమై టక్కున మూసుకున్నాడు. కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాడు.

బావ అద్దంలో చూశాడు. "చూశావుటే, మీ తమ్ముడు హాయిగా పడుకున్నాడు," అన్నాడు భార్యతో.

ఆ మాట తూకాలాయన చెవిన పడింది. ఆ అద్దంలో చూసి, అవే మాటలు, తను ఎన్నిసార్లు అనలేదు! పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని పక్కన ఉన్న అరలో ఎడమ చెయ్యి పెట్టాడు. మెత్తగా ఏవో తగిలాయి. పైకి తీశాడు. ప్లాస్టిక్ కవర్లు. అంచులు కలిపి, ఒకే కొలతకి మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆ మడత ఎవరిదో ఆయనకి చెప్పక్కర్లేదు. ఇంట్లో కర్టెన్లన్నీ అలాగే మడిచి ఉంటాయి.

ఆవిడ పడుకోలేదు. ఒక్క ప్రయాణంలోనూ పడుకోలేదు. నోరు తెరవలేక ఊరుకుంది. తను దాన్నే ఊరంతా చాటింపు వేసుకున్నాడు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. అంతలో ఇంకో మలుపు వచ్చింది. ఇక ఆలోచించే ఓపిక లేక పై కవరు విప్పాడు.

భార్య అక్కగారింటి ముందు బండి ఆగింది. బావ తల్లిని ఆవిడ తమ్ముడొచ్చి తీసుకెళ్ళాడు. అందరూ దిగాక, మూడో వరసలోంచి ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, చివరికి పాలిపోయిన మొహంతో తూకాలాయన బయటపడ్డాడు. భార్య గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆయన ఎక్కణ్ణుంచి దిగాడో చూసింది. మెడకి కట్టిన చెయ్యి చూసింది. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, మొహం కడుక్కోమని పోసింది.

"ఎక్కడ మొదలైంది?" అని అడిగింది మెల్లగా.

"నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర."

"పర్వాలేదు, అంతదాకా ఆగారు. నాకు చెక్‌పోస్టు దాటగానే."

"ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఎవర్ని దింపేవారు?"

తూకాలాయన ఖాళీ చెంబు అందుకుని, ఆవిడ వెనకే లోపలికి నడిచాడు.

భోజనాలయ్యాయి. అక్క తను చెప్పాలనుకున్న నాలుగు మాటలూ చెప్పింది, మరదలు నాలుగూ వింది. బయల్దేరే వేళకి ఆవిడ సంచీ సర్దుకుని గేటు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. సంచీ కింద పెట్టలేదు, బండి దగ్గరికీ రాలేదు. తండ్రి అప్పటికే ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. తూకాలాయన బండి దగ్గరికి వెళ్ళి ముందు తలుపు తీశాడు. తండ్రితో ఎన్నడూ ఎదురు మాట్లాడి ఎరగడు.

"నాన్నా, దిగండి."

"ఏమైందిరా?"

"మీరు మధ్యలో కూర్చోండి. ఇది తనది."

అక్క అంతెత్తున లేచింది. "పెద్దవాణ్ణి సీట్లోంచి దింపుతావా? నీకేమైనా మతి పోయిందా?"

"లెక్క తప్పుతుందోయ్, బండి మళ్ళీ లాగుతుంది," అన్నాడు బావ.

"లాగితే లాగనీ బావా. ఎన్నాళ్ళ నుంచో లాగుతూనే ఉంది. రేపు మెకానిక్కు దగ్గర పడేస్తాను."

తండ్రి బెల్టు తీసుకుని మెల్లగా దిగాడు. కోపం రాలేదు, కాస్త నొచ్చుకున్నాడంతే. కోడలి వైపు తిరిగి, "ఏమ్మా, నాతో ఒక్క మాట అంటే నేనే వెనక కూర్చునేవాణ్ణి కదా?" అన్నాడు.

"అడిగాను మామయ్యా, బండి కొన్న రోజే. మీ అబ్బాయిని అడిగాను."

తండ్రి కొడుకు వంక చూశాడు. "నాకేం తెలుసురా? నువ్వు తలుపు తీసి పట్టుకున్నావు, నేను ఎక్కాను," అన్నాడు. ఆ మాట తూకాలాయనకి సూటిగా తగిలింది. అన్ని ప్రయాణాల్లోనూ ఆ తలుపు తీసింది తనే.

ఆవిడ వచ్చి ముందు కూర్చుంది. తండ్రీ అక్కా మధ్యలో కూర్చున్నారు. తూకాలాయన మళ్ళీ దూరి వెనక్కి వెళ్ళాడు. బండి కదిలింది.

ఆవిడ మాటలు మొదలుపెట్టింది. కింద లోయలో ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయంది. ఎదురొచ్చే లారీ రంగు కర్టెనుకి బాగుంటుందంది. మబ్బు నీడ కొండ మీద పాకుతోంది చూడండి అంది. అక్క వద్దనుకుంటూనే తొంగి చూసింది. బావ ఊఁ కొడుతున్నాడు. మూడో వరసలో ఆయన ఆ గొంతు వింటూ, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటూ, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు.

నాలుగో మలుపు దగ్గర ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, బండి పక్కకి ఆపండి."

"ఎందుకమ్మా?"

"ఆయనకి బాగాలేదు."

బావ అద్దంలో చూశాడు. "ఏమీ అనలేదే. హాయిగా పడుకున్నాడు."

"అనలేరు. ముందు ఆపండి."

బండి ఆగింది. అక్క దిగి దారిచ్చింది. తూకాలాయన రోడ్డు పక్కన పిట్టగోడ పట్టుకుని వంగాడు. భార్య వచ్చి ఒక చేత్తో వీపు రాస్తూ, రెండో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

అందరికీ జాలేసింది. తండ్రి తను వెనక్కి వెళ్తానన్నాడు గాని ఆ మోకాళ్ళు అందులో పట్టవని అందరికీ తెలుసు. అక్క వచ్చి, "వాణ్ణి ముందు కూర్చోబెట్టండి. చెయ్యి చూడండి, మొహం చూడండి. ఏమ్మా, నువ్వు కాస్త వెనక సర్దుకో," అంది. తను సర్దుకునే సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆవిడ కాదనలేదు. మొగుడి మొహం చూశాక కాదనే మనసు రాలేదు. ముందు సీట్లో పెట్టిన చేతిసంచీ తీసుకోవడానికి వంగింది.

"అక్కడే ఉండనీ," అన్నాడు తూకాలాయన.

"మీకు ఇంకా చాలా దారి ఉందండీ."

"తెలుసు."

ఆయన మూతి తుడుచుకుని, ఇంకెవరి మాటా వినకుండా, తలవంచి మూడో వరసలోకి దూరాడు. ఆవిడ ఒక్క క్షణం అక్కడే నిలబడి చూసింది. తర్వాత వెళ్ళి ముందు కూర్చుని బెల్టు పెట్టుకుంది. తూకాలాయన అరలోంచి ఇంకో కవరు తీసి, విప్పి, ఎడమ చేత్తో సిద్ధంగా పట్టుకున్నాడు.

"ఇక పోనీ బావా," అన్నాడు.